గాలిని నమ్ముకున్న రేవులు

బంగాళాఖాతం మీద గాలి ఏటా రెండుసార్లు దిక్కు మార్చుకుంటుంది. వేసవి చివర నైరుతి నుంచి మొదలై సెప్టెంబరు దాకా వీస్తుంది. అక్టోబరులో నిలకడ తప్పుతుంది. నవంబరుకల్లా ఈశాన్యం నుంచి వీయడం మొదలై, ఫిబ్రవరి దాకా అదే దిక్కున సాగుతుంది. తీరం వెంట పారే సముద్రపు నీరు కూడా దాదాపు ఈ గాలి బాటలోనే నడుస్తుంది: ఫిబ్రవరి నుంచి వేసవంతా ఉత్తరానికి, అక్టోబరు తర్వాత దక్షిణానికి. ఆవిరి ఓడలు వచ్చేదాకా, దాదాపు రెండువేల ఏళ్లు, తెలుగు కోస్తా రేవులు ఈ మార్పును బట్టే బతికాయి. ఓడ ఎప్పుడు కదలాలి, నేతగాడు బట్ట ఎప్పటికి అందించాలి, షావుకారు అప్పు ఎప్పుడు తిరిగి రావాలి, ఆఖరికి రాజు ఏ సొమ్ము మీద హక్కు వదులుకోవాలి అన్నవి కూడా గాలితో ముడిపడిన విషయాలే.

ఈ మార్పుకు కారణం ఎండ. వేసవిలో నేల సముద్రం కంటే త్వరగా, ఎక్కువగా వేడెక్కుతుంది. నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సముద్రం మీది తేమగాలి చొచ్చుకొస్తుంది. చలికాలంలో నేల త్వరగా చల్లబడటంతో గాలి ఎదురు దారి పడుతుంది. ఇంగ్లండు శాస్త్రవేత్త ఎడ్మండ్ హేలీ 1686లో వాణిజ్య పవనాలకూ ఋతుపవనాలకూ ఒక పటం గీసి, సూర్యుడి వేడే వాటికి మూలమని వివరించాడు. ఆ గాలులు నేరుగా కాక పక్కకు వంగి వీయడానికి భూమి తన చుట్టూ తాను తిరగడం కారణమని 1735లో జార్జ్ హాడ్లీ చెప్పాడు. హేలీ పటానికి సమాచారం ఇచ్చినవారిలో ఓడ నడిపినవాళ్లు ఉన్నారు. గాలి ఎందుకు మారుతుందో తెలియకపోయినా ఎప్పుడు మారుతుందో వాళ్లకు, వాళ్లకంటే ముందే అరబ్బు, భారతీయ నావికులకు, బాగా తెలుసు.

గాలి అన్ని తీరాలకూ ఒకటే అయినా, తెలుగు తీరం దాన్ని తట్టుకునే తీరు వేరు. పడమటి కోస్తాలో ఉన్నట్టు కొండల మధ్యకు చొచ్చుకుపోయిన లోతు నీళ్లు ఇక్కడ దాదాపు లేవు. కృష్ణా గోదావరులు వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు వల్ల ఒడ్డు దగ్గర సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. మచిలీపట్నంలో అది అయిదు మైళ్ల దూరాన లంగరు వేసుకుని నిలబడాల్సి వచ్చేది. సరుకంతా చిన్న పడవల మీద ఎక్కించాలి, దించాలి. ఒడ్డున విరిగిపడే అలలకు మేకులు కొట్టిన పడవ పగిలిపోతుంది. అందుకే ఈ తీరంలో పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి పడవలు కట్టారు. అల తగిలినప్పుడు ఆ కుట్లు కొద్దిగా సాగి, పడవ వంగి, మళ్లీ సర్దుకుంటుంది. యూరోపియన్లు వాటిని మసూలా పడవలన్నారు. నైరుతి గాలి కాలంలో ఈ ఏర్పాటు బాగానే సాగేది, ఎందుకంటే ఆ గాలి ఇక్కడ చాలావరకు తీరానికి వాలుగా పోతుంది. ఈశాన్యపు గాలి అలా కాదు. అది సముద్రం మీంచి నేరుగా ఒడ్డుకేసి కొడుతుంది. లంగరు తెగిన ఓడ తప్పించుకుపోయేందుకు చోటుండదు, నేల మీదికే వస్తుంది. కోస్తా చరిత్రలో మంచీ చెడూ రెండూ ఈ ఒక్క విషయం నుంచే పుట్టాయి.

క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన 'ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్' అనే నావికుల గ్రంథం మసాలియా ప్రాంతాన్ని పేర్కొని, అక్కడ సన్నటి నూలుబట్ట విస్తారంగా తయారవుతుందని చెప్పింది. అది కృష్ణా ముఖద్వారం చుట్టుపక్కల ప్రాంతం. అరేబియా నుంచి సముద్రం మధ్యగా నేరుగా భారతదేశానికి రావడం హిప్పలస్ అనే ఓడ నాయకుడు కనిపెట్టిన దారి అని కూడా అదే గ్రంథం అంటుంది. నిజానికి ఆ దారి గ్రీకులకే కొత్త. తరవాతి శతాబ్దంలో భూగోళవేత్త టాలెమీ ఈ తీరాన్ని మైసోలియా అన్నాడు, కొంటకొస్సిల అనే వర్తక కేంద్రాన్ని పేర్కొన్నాడు. అదే కృష్ణా జిల్లాలోని ఘంటసాల. ప్రాకృత శాసనాల్లోని కంటకసోల పేరుతో ఇది చక్కగా సరిపోతుంది. అక్కడి బౌద్ధ శాసనాల్లో 'మహానావికుడు' అనే హోదా కనిపిస్తుంది. టాలెమీ చెప్పిన మరో సంగతి ఇంకా ముఖ్యమైనది. సువర్ణభూమికి వెళ్లే ఓడలు తీరాన్ని వదిలి నడిసముద్రంలోకి తిరిగే చోటు ఒకటి ఈ తీరంలోనే ఉందని అతడు రాశాడు. ఒడ్డును చూసుకుంటూ పోయే ప్రయాణం ఎవరైనా చేయగలరు. ఒడ్డును వదిలిపెట్టి పోవాలంటే గాలి ఎన్నాళ్లు నిలకడగా వీస్తుందో తెలిసి ఉండాలి. శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ముద్రించారు. యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు ఈ నాణేలు తూర్పు తీరంలో దొరికాయి. ఒక రాజవంశం తన డబ్బు మీద ఓడను చెక్కించుకుందంటే, ఆ డబ్బులో సముద్రపు వాటా ఎంతో ఊహించవచ్చు.

అయిదో శతాబ్దం మొదట్లో చైనా భిక్షువు ఫాహియాన్ వంగదేశంలోని తామ్రలిప్తిలో ఒక వర్తకుల ఓడ ఎక్కాడు. చలికాలపు గాలి మొదలవగానే బయల్దేరి పద్నాలుగు రోజుల్లో సింహళం చేరాడు. ఆ ఓడ మన తీరానికి దూరంగా సాగి ఉంటుంది, కాని దాన్ని నడిపింది కార్తీక మార్గశిరాల్లో ఇక్కడ ఒళ్లు వణికించే ఈశాన్యపు గాలే. సింహళం నుంచి తూర్పుకు పోయేటప్పుడు అతనికి గాలి కలిసిరాలేదు. రెండో రోజుకే పెనుగాలి పట్టుకుంది, ఓడకు చిల్లి పడింది, బరువు తగ్గించడానికి సరుకు నీళ్లలోకి విసిరేశారు. ఎన్నో ఏళ్లు తిరిగి సంపాదించిన గ్రంథాలను కూడా ఎక్కడ పారేస్తారోనని అతడు భయపడ్డాడు. అదే శతాబ్దానికి చెందిన ఒక సంస్కృత శాసనం మలయా ద్వీపకల్పంలో దొరికింది. రక్తమృత్తికకు చెందిన మహానావికుడు బుద్ధగుప్తుడు అందులో తన ప్రయాణం సఫలం కావాలని కోరుకున్నాడు. సముద్రం దాటేవాడికి ఆ కోరిక మర్యాద కోసం చెప్పే మాట కాదు.

గాలికీ రాజ్యానికీ ఉన్న సంబంధం అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది మోటుపల్లిలో. ఇప్పటి బాపట్ల జిల్లాలో సముద్రపు ఒడ్డున ఉన్న ఈ ఊరు కాకతీయుల ప్రధాన రేవు. దీనికి దేశియుయ్యకొండపట్టణమని మరో పేరు ఉండేది. ఇక్కడి వీరభద్రాలయంలో శక సంవత్సరం 1166 నాటి, అంటే 1244-45 నాటి, గణపతిదేవుడి శాసనం ఉంది. దాన్ని అభయశాసనం అంటారు. సముద్ర వర్తకులకు రాజు ఇచ్చిన అభయమది.

అంతకుముందున్న ఆనవాయితీని శాసనమే చెబుతుంది. ఒక దేశం నుంచి మరో దేశానికి పోతున్న ఓడ చెడుగాలికి దారి తప్పి, లేదా పగిలి, తాను చేరాల్సిన రేవు కాని చోట ఒడ్డెక్కితే, పూర్వపు రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవారు. ప్రాణాలకంటే ధనమే ఎక్కువని నమ్మి, అంత సాహసానికి దిగినవారి మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం తాను నియమిత సుంకం తప్ప ఆ సొమ్మంతా వదిలేస్తున్నానని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతుల మీద ఆ సుంకం ముప్పైవ వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, దంతం, జవ్వాది, పట్టునూలు, రాగి, సీసం లాంటి సరుకుల మీద ఎంతెంత కట్టాలో శాసనం విడివిడిగా చెప్పింది.

ఈ శాసనం ఎంత అరుదైనదో తెలియాలంటే ఆ కాలంలో మిగతా చోట్ల ఏం జరిగేదో చూడాలి. మలబారు తీరంలోని ఏలి రాజ్యంలో, వేరే చోటికి పోతూ గాలికి కొట్టుకొచ్చిన ఓడను అక్కడివాళ్లు దోచుకునేవారని మార్కో పోలో రాశాడు. నువ్వు మరో చోటికి పోబోతుంటే దేవుడే నిన్ను మా దగ్గరికి పంపాడన్నది వాళ్ల వాదన. ఇంగ్లండులో పగిలిన ఓడ రాజు సొత్తు. మనిషిగాని, కుక్కగాని, పిల్లిగాని ప్రాణాలతో బయటపడితే మాత్రం ఓడను అలా లెక్కించకూడదని 1275లో ఒక చట్టం వచ్చింది. మోటుపల్లి శాసనం దానికి ముప్పై ఏళ్ల ముందుది, అంతకంటే ఉదారమైనది. దయ అని రాజు చెప్పుకున్నది అబద్ధం కానక్కర్లేదు. కాని ఇందులో లెక్క కూడా ఉంది. గాలి ఎటు తోస్తుందో ఎవరి చేతిలోనూ లేని తీరంలో, దారి తప్పినా దోపిడీ జరగదన్న భరోసా ఇచ్చే రేవుకే వర్తకులు ధైర్యంగా వస్తారు. ఒక్క ఓడను దోచుకుంటే వచ్చేదానికంటే, వంద ఓడల దగ్గర ముప్పైవ వంతు తీసుకుంటే వచ్చేదే ఎక్కువ. తెలుగువారి చట్టాల చరిత్రలో ఈ శాసనానికి దక్కాల్సినంత చోటు ఇంకా దక్కలేదు.

రుద్రమదేవి పాలన చివరి కాలంలో మార్కో పోలో ఈ రేవును ముత్ఫిలి అన్న పేరుతో వర్ణించాడు. రాజ్యాన్ని న్యాయంగా ఏలే రాణిని, సాలెగూడంత సన్నగా నేసిన బట్టలను మెచ్చుకున్నాడు. కాకతీయుల తర్వాత రేవు రెడ్డిరాజుల చేతికి వచ్చింది. 1358లో అనవోతారెడ్డి వేయించిన శాసనం పాత అభయాన్ని మళ్లీ బతికించింది. వచ్చి స్థిరపడే వర్తకులకు భూమి, వెళ్లిపోవాలనుకున్నవారికి స్వేచ్ఛ, సరుకును తమకు నచ్చినవారికి అమ్ముకునే హక్కు ఇచ్చింది. వారసులు లేకుండా చనిపోయినవారి ఆస్తిని రాజ్యం లాక్కునే పద్ధతిని రద్దు చేసింది. శ్రీనాథుడు 'హరవిలాసం' అంకితమిచ్చిన అవచి తిప్పయ్యసెట్టి ఈ రెడ్డి రాజ్యపు వర్తకుడే. సింహళపు ఏనుగులు, హొర్ముజు గుర్రాలు, చైనా పట్టు, భోట దేశపు కస్తూరి అతడు తెప్పించేవాడని కవి చెప్పాడు. ఆ జాబితాను గాలుల లెక్కన చూస్తే ఆసక్తికరంగా ఉంటుంది. పడమటి నుంచి వచ్చే గుర్రాలకు, తూర్పు నుంచి వచ్చే పట్టుకు ఒకే గాలి పనికిరాదు. ఆ షావుకారు సంపద ఏడాదికి రెండు గాలుల మీద నిలబడింది.

పదహారో శతాబ్దం చివరికి కుతుబ్‌షాహీల గోల్కొండ రాజ్యానికి మచిలీపట్నం ప్రధాన రేవైంది. ఇక్కడి నుంచి సాగిన వర్తకమంతా ఒక సంవత్సర చక్రంలో తిరిగేది. పెగూ, అరకాన్, తెనాసెరిం, ఆచే లాంటి తూర్పు రేవులకు పోయే ఓడలు నైరుతి గాలి చివరి దశలో, సెప్టెంబరు ప్రాంతంలో, తెరచాప ఎత్తేవి. తుపానులు మొదలు కాకముందే సముద్రం దాటాలి. ఈశాన్యపు గాలి నిలకడ పడ్డాక, చలికాలం గడిచి ఎండలు ముదిరేలోగా, తిరిగి రావాలి. ఎర్ర సముద్రంలోని మోఖాకు, పారశీక సింధుశాఖలోని బందర్ అబ్బాసుకు వెళ్లే ఓడలది దీనికి తలకిందులు. అవి ఈశాన్యపు గాలితో, జనవరి ప్రాంతంలో బయల్దేరి, సింహళాన్ని చుట్టి పడమటికి పోయేవి. నైరుతి గాలి ఉధృతి తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో తిరిగొచ్చేవి. వర్తకులతో పాటు మక్కాకు పోయే హజ్ యాత్రికులు కూడా ఆ ఓడల్లోనే ఎక్కేవారు. 1560ల్లో పెగూ వెళ్లిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్, మద్రాసు దగ్గరి శాంథోమ్ నుంచి ఆ దేశానికి ఏడాదికి ఒక్క పెద్ద ఓడే పోయేదని, సెప్టెంబరులో కొద్ది రోజులు ఆలస్యమైనా గాలి తిరగబడి ఆ ఏటి ప్రయాణమే పోయేదని రాశాడు.

గాలి తప్పడమంటే ఏడాది తప్పడం. ఈ మాట సముద్రం మీదే కాదు, నేల మీద పొలాల మధ్య ఉండే పల్లెల్లోనూ నిజమైంది. ఓడ సెప్టెంబరులో కదలాలంటే బట్ట ఆగస్టుకే రేవు చేరాలి. దానికి నెలల ముందే వర్తకులు దళారుల ద్వారా నేతగాళ్లకు బయానా ఇవ్వాలి. నూలు కొనడం, మగ్గం మీద నేయడం, గంజి పెట్టడం, ఉతికి ఎండలో ఆరబెట్టడం, కలంకారీ అయితే చిరివేరుతో ఎర్ర రంగు ఎక్కించడం, ఒక్కొక్కటీ రోజులు, వారాలు తినే పని. కృష్ణా డెల్టాలో పండే చిరివేరు రంగుకు ఎంతో పేరుండేది. ఎడతెగని వాన పడితే చాకిరేవులో పని ఆగిపోయేది. అంటే ఓడకు మేలు చేసే నైరుతి గాలే, వానతో కలిసి వచ్చినప్పుడు, బట్ట ఉతికేవాడి చేతులు కట్టేసేది. ఓడ రేవులో లంగరు వేసుకుని ఉండగా బట్ట చేరకపోతే యూరోపియన్ వర్తక కంపెనీల గుమాస్తాలు రాసిన ఉత్తరాల్లో ఆ తొందర, ఆ కోపం కనిపిస్తాయి. ఆ ఒత్తిడి ఆఖరున వచ్చి పడేది బయానా పుచ్చుకున్న నేతగాడి మీదే. దూరపు సముద్రంలోని గాలి ఒక మగ్గపు గుంటలో కూర్చున్న మనిషి నిద్ర చెడగొట్టేది. ఓడల చరిత్ర రాసేవారు ఆ మనిషిని తరచు మరచిపోతారు.

అప్పు కూడా గాలిని బట్టే నడిచేది. ఓడ మీద, సరుకు మీద ఇచ్చే అప్పుకు మామూలు అప్పుకంటే వడ్డీ చాలా ఎక్కువ. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఓడ క్షేమంగా తిరిగొస్తేనే అప్పు తీర్చాలి. మునిగితే అప్పు కూడా మునిగినట్టే. సముద్రపు అపాయాన్ని అప్పిచ్చినవాడు నెత్తిన వేసుకునేవాడు కాబట్టి, ఇది అప్పూ బీమా కలగలిసిన ఏర్పాటు. ఒక గాలితో పోయి మరో గాలితో వచ్చేదాకా ఆ డబ్బు కదలదు. ఇలా డబ్బును నెలల తరబడి నీళ్ల మీద వదిలి కూర్చోగలిగినవారే పెద్ద వర్తకులయ్యారు. మచిలీపట్నంలో పారశీకులు, కోమట్లు, గోల్కొండ అమీర్లు అందరూ ఇందులో ఉన్నారు. మీర్ జుమ్లా గోల్కొండ వజీరు కావడానికి ముందూ తర్వాతా సొంత ఓడలతో వర్తకం చేశాడు. 1652లో మచిలీపట్నం వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే బంగాళాఖాతంలో ఇంతకంటే మంచి లంగరు చోటు లేదన్నాడు. పెగూ, సయాం, అరకాన్, బంగాళం, మక్కా, హొర్ముజు దాకా ఓడలు పోయేది ఇక్కడి నుంచేనని మెచ్చుకున్నాడు.

డచ్చివాళ్లు ఇక్కడికి 1605లో వచ్చారు. ఇంగ్లీషువాళ్ల 'గ్లోబ్' ఓడ 1611 ఆగస్టులో వచ్చింది, ఫ్రెంచివాళ్లు 1669లో వచ్చారు. వీళ్లకు పెద్ద ఓడలు, ఫిరంగులు ఉన్నాయి గాని గాలి మీద అధికారం లేదు. 'గ్లోబ్' సంగతే చూస్తే, అది ఈ తీరం నుంచి జావాకు, అక్కడి నుంచి పతానీకి, సయాముకు పోయి, 1613 చివర ఈశాన్యపు గాలితో మళ్లీ మచిలీపట్నం చేరింది. ఒక్కో రేవులో గాలి తిరిగేదాకా ఆగడమే ఆ ప్రయాణంలో సగం కాలం. ఇలా ఆగాల్సి రావడం వల్లే కోఠీలు పుట్టాయి. ఓడ వెళ్లిపోయినా మనుషులు ఉండిపోయి, వచ్చే గాలికి సరుకు సిద్ధం చేయాలి. పెటపోలి అని యూరోపియన్లు రాసిన నిజాంపట్నంలో, పాలకొల్లులో, ద్రాక్షారామంలో, భీమునిపట్నంలో వెలసిన కోఠీలకు మొదటి అవసరం ఇదే. వర్తకపు గిడ్డంగి కోటగా, కోట రాజ్యంగా మారడం తరవాతి కథ.

ఈ చక్రంలో ఒక మూతపడిన కాలం ఉంది. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా కోరమాండల్ తీరంలో ఓడలు నిలబడేవి కావు. మద్రాసు కోటలో జెండా దించడమే ఓడలకు వెళ్లిపొమ్మని చెప్పే గుర్తు. తెలుగు నాట స్వాతి, విశాఖ కార్తెలు వచ్చే రోజులివి. తుపాను భయం రైతుకూ బెస్తవారికీ ఒకేలా ఉంటుంది. ఈ నియమాన్ని మీరినవారిలో పేరెన్నికగన్నవాడు ఫ్రెంచి నౌకాధిపతి లాబూర్దొనే. 1746 సెప్టెంబరులో మద్రాసును పట్టుకున్నాడు. కొల్లగొట్టిన సొమ్ము గురించి పాండిచ్చేరి ఫ్రెంచి గవర్నరు డూప్లేతో తగవులాడుతూ అక్టోబరు మధ్య దాకా అక్కడే ఉండిపోయాడు. ఒక్క రాత్రి వీచిన తుపానులో అతని ఓడల బలగం చాలావరకు నాశనమైంది. ఇంగ్లీషువాళ్ల ఫిరంగులకు చేతకాని పనిని గాలి చేసింది, దక్షిణ భారతంలో ఫ్రెంచివాళ్ల సముద్రబలం ఆ దెబ్బ నుంచి తేలికగా కోలుకోలేదు.

ఓడలు ఆగాల్సిన కాలం ఉంటే వాటిని బాగుచేసే చోటూ ఉండాలి. గోదావరి పాయలు ఆ పని చేశాయి. పదిహేడో శతాబ్దంలో నర్సాపురం, దాని పక్కనున్న మాధవాయిపాలెం ఓడల కట్టుబడికి పేరుపొందాయి. అడవి నుంచి టేకు దుంగలు గోదావరి మీద తేలి వచ్చేవి. చేయి తిరిగిన వడ్రంగులు, కమ్మరులు, తాళ్లు పేనేవాళ్లు అక్కడే ఉండేవారు. ఇంగ్లీషు కంపెనీ కూడా తన ఓడలు కొన్నిటిని అక్కడే కట్టించుకుంది. తరవాత ఆ పేరు కోరంగికి దక్కింది. కలకత్తాకు, ట్రింకోమలీకి మధ్య ఇంత పొడవైన తీరంలో పెద్ద ఓడను రేవు గుంటలోకి చేర్చి మరమ్మతు చేయగల చోటు కోరంగి ఒక్కటేనని అప్పటి రచయితలు రాశారు. పక్కనే నీలపల్లి, ఇంజరం, యానాం. ఎదురుగా తాళ్లరేవు. తాళ్లరేవు వడ్రంగులు కట్టిన దోనెలు బర్మా దాకా, సింహళం దాకా తిరిగాయి.

అదే కోరంగిని గాలి రెండుసార్లు ముంచింది. 1789 డిసెంబరులో తుపానుతో లేచిన మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి ఊరి మీద పడ్డాయి. 1839 నవంబరులో మళ్లీ ఉప్పెన వచ్చింది. తుపానుల్లో గాలి సుడి తిరుగుతుందని నావికులకు నేర్పడానికి జీవితం ధారపోసిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో ఉంటూ కోరంగి సంగతులను సేకరించాడు. 1848లో అచ్చయిన నావికుల చేతిపుస్తకంలో అతడే ఈ గాలికి 'సైక్లోన్' అని పేరు పెట్టాడు. ఇవాళ ప్రపంచమంతా వాడే ఆ పేరు వెనక కోరంగి చావులు కూడా ఉన్నాయి.

మచిలీపట్నం వంతు 1864 నవంబరు 1న వచ్చింది. ఆ రాత్రి తుపానుతో పాటు సముద్రం ఊరి మీదికి లేచింది. ఊళ్లో, చుట్టుపక్కల పల్లెల్లో కలిపి దాదాపు 30,000 మంది చనిపోయారని కృష్ణా జిల్లా పాత మాన్యువల్ చెబుతుంది. గాలి కంటే నీరే ఎక్కువమందిని చంపింది. పల్లపు డెల్టా నేల మీద, లోతు తక్కువైన సముద్రంలో, ఒడ్డుకేసి కొట్టే గాలికి ఉప్పెన అంత ఎత్తుకు లేస్తుంది. ఓడలకు లంగరు చోటిచ్చిన ఆ మెత్తటి నేలే ఈ అపాయానికి కారణం. మరుసటి ఏడు అక్కడి సైనిక దళాన్ని ఎత్తేశారు. మగ్గాల మీద ఇంగ్లండు మిల్లు బట్ట దెబ్బ అప్పటికే పడింది. ఒకప్పుడు బంగాళాఖాతంలో ప్రధాన రేవుగా వెలిగిన ఊరు మళ్లీ ఆ స్థాయికి ఎదగలేదు.

దాదాపు నెల ముందు, 1864 అక్టోబరు 5న, కలకత్తాలోనూ పెద్ద తుపాను వచ్చింది. ఈ రెండు దెబ్బల తర్వాత కలకత్తా రేవులో తుపాను హెచ్చరికలు మొదలయ్యాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది, హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దానికి మొదటి అధిపతి. ఈ పనిలో తెలుగువారి వాటాను చెప్పకపోతే అన్యాయం. విశాఖపట్నంలో జమీందారు గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో ఒక వేధశాల నెలకొల్పాడు. 1856లో ఆయన చనిపోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. నక్షత్రాలతో పాటు గాలినీ, వాననూ, పాదరసపు మట్టాన్నీ ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా నమోదు చేయించాడు. ప్రభుత్వం ఇంకా దారులు వెతుక్కుంటున్న రోజుల్లో ఒక ఇంటి మనుషులు ఇంత ఓర్పుతో చేసిన పని ఇది.

గాలి పట్టు వదలడం ఆవిరితో మొదలైంది. 1856లో కలకత్తా, బర్మాల మధ్య ఆవిరి ఓడలు నడపడానికి ఒక కంపెనీ పుట్టింది. 1862లో అది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా మారి, కోస్తా రేవులన్నిటినీ తాకుతూ పోసాగింది. బొగ్గు ఉంటే చాలు, ఎదురుగాలిలోనూ ఓడ పోతుంది. సెప్టెంబరు, జనవరి అన్న గడువులు పోయాయి, వారానికో ఓడ అన్న లెక్క వచ్చింది. ఈ ఓడల్లోనే కాకినాడ నుంచి, విశాఖపట్నం నుంచి తెలుగు కూలీలు వేలకు వేలు రంగూను రేవులకూ, బియ్యపు మిల్లులకూ వెళ్లారు. బర్మాలో తెలుగువారికి 'కోరంగీలు' అన్న పేరు అంతకు ముందే, తెరచాప ఓడల కాలంలోనే పడింది. కోరంగి రేవు పూడిపోయి ఓడలు రావడం మానేశాక కూడా బర్మాలో ఆ పేరు నిలిచింది.

కోరంగి వర్తకం కాకినాడకు మారింది. గోదావరి తెచ్చిన ఇసుక రెండు శతాబ్దాల్లో సముద్రంలోకి పొడవైన దిబ్బగా పెరిగి హోప్ ఐలాండ్ అయింది. ఆ దిబ్బ చాటున కాకినాడ దగ్గర నీరు నిమ్మళంగా ఉంటుంది. ఒక రేవును చంపిన ఇసుకే మరో రేవుకు గోడ కట్టింది. అయినా ఓడలు దూరంగా నిలబడాల్సిందే, సరుకు పడవల మీద రావాల్సిందే. తాళ్లరేవు దోనెలు ఆ పని మీద ఇరవయ్యో శతాబ్దంలోనూ చాలాకాలం బతికాయి.

ఈశాన్యపు గాలిని పూర్తిగా లెక్కచేయని రేవు తెలుగు తీరానికి విశాఖపట్నంతోనే వచ్చింది. డాల్ఫిన్ ముక్కు కొండ దక్షిణపు గాలులకు అడ్డు నిలుస్తుంది. ఉప్పుటేరు పక్కనున్న బురద నేలను తవ్వి లోపలి రేవు తయారుచేశారు. రేవు నోటి దగ్గర అలలను ఆపడానికి రెండు పాత ఓడలను నీళ్లలో ముంచి కట్టగా వాడారు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ప్రయాణికుల ఓడ ఆ లోపలి రేవులోకి మొదటగా వచ్చింది. అంతకుముందు వందల ఏళ్లు ఓడలు ఈ తీరాన్ని వదిలి పారిపోవడానికి తొందరపడే రోజులవి.